మిగ్-21 పోయింది, 29 స్క్వాడ్రన్లు మిగిలాయి: పాత సామానుతో మన సైన్యం ఎంత సిద్ధంగా ఉంది?

చంద్రగిరి_కుర్రాడు
అందరికీ నమస్కారం. తిరుపతిలో రూము తీసుకుని సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ పోస్టుల పరీక్ష)కి ప్రిపేర్ అవుతున్నాను. డిఫెన్స్ నోట్స్ రాసుకుంటూ ఒక చోట ఆగిపోయాను. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పేశారు. 1963లో వచ్చిన విమానం అది, 62 ఏళ్ళు సర్వీసులో ఉంది. అది పోయాక వైమానిక దళానికి 29 ఫైటర్ స్క్వాడ్రన్లే (యుద్ధ విమానాల దళాలు) మిగిలాయి. మంజూరైనవి 42. జాగ్వార్ ఫైటర్లు 1979 నుంచి ఉన్నాయి, వాటిని ఇప్పుడు మనం తప్ప ప్రపంచంలో ఇంకెవరూ నడపడం లేదు. చేతక్ హెలికాప్టర్లు 1960ల నాటి మోడల్. ఆర్మీలో టీ-72 ట్యాంకులు 1970ల చివర్లో మొదలయ్యాయి, ఇప్పటికీ మన ట్యాంకుల్లో ఎక్కువ భాగం అవే.

నా రూమ్మేట్ "అన్నీ అప్‌గ్రేడ్ చేశారులే, ఎందుకు టెన్షన్" అంటాడు. నాకు మాత్రం అర్థం కావడం లేదు. రేపు నిజంగా అవసరం పడితే ఇవి పనిచేస్తాయా? పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దు.

పలమనేరు_పచ్చడి
ఫార్వర్డులు వద్దంటే ఇంక నేనేం రాయాల సామీ? సరే, చదువుకుంటా కూర్చుంటా.

రేణిగుంట_రన్‌వే
తమ్ముడూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఏ స్క్వాడ్రన్, ఏ ఊరు అని అడగొద్దు, చెప్పను.

విమానం వయసెంత అనేది బయటివాళ్ళు అడిగే ప్రశ్న. పొద్దున్నే హ్యాంగర్‌కి పోతే మమ్మల్ని అడిగేది ఒకటే: "ఈరోజు లైన్ మీద ఎన్ని సర్వీసబుల్?" అంటే ఎగరడానికి ఎన్ని సిద్ధమని. స్క్వాడ్రన్‌కి 16 నుంచి 18 విమానాలని కాగితం మీద ఉంటుంది. వాటిలో కొన్ని సర్వీసింగ్‌లో ఉంటాయి, కొన్ని ఓవర్‌హాల్‌కి పోయుంటాయి. ఒకటో రెండో ఏదో ఒక పార్టు రాక మూల నిలబడి ఉంటాయి. ఆ నిలబడినదాన్నుంచి పంపు ఊడదీసి పక్క విమానానికి బిగిస్తాం. దాన్ని క్యానిబలైజేషన్ అంటారు. ఆ పూటకి ఒక విమానం ఎగురుతుంది, అందరికీ సంతోషం. కానీ పని మూడింతలు: అక్కడ ఊడదీయాలి, ఇక్కడ బిగించాలి, కొత్త పార్టు వచ్చాక మళ్ళీ అక్కడ బిగించాలి. ఊడదీసిన ప్రతిసారీ ఒక సీలో, ఒక పైపు యూనియనో దెబ్బతింటుంది. మూల నిలబడిన విమానం నెల తిరిగేసరికి గుల్లయిపోతుంది.

మిగ్-21లో ఇంజన్ దించాలంటే విమానాన్ని రెండుగా విడదీయాలి. వెనక భాగం మొత్తం ట్రాలీ మీదికి తీసుకుని వెనక్కి లాగితే అప్పుడు ఇంజన్ బయటపడుతుంది. దానికి ముందు పైపులు, కేబుళ్ళు, కంట్రోల్ రాడ్లు ఒక్కొక్కటీ విప్పి ట్యాగులు కట్టాలి. పని ముగిశాక టూల్ బోర్డు మీద ఒక్క స్పానర్ జాగా ఖాళీగా కనబడినా ఎవ్వరూ ఇంటికి పోరు. అది దొరికేదాకా ఆ విమానం కదలదు. అన్నీ అయ్యాక విమానం రిపేరు రికార్డు ఫారం 700లో మేం సంతకాలు పెడతాం, పైలట్ అది చదివి తనూ సంతకం పెట్టి ఎక్కుతాడు. పాతికేళ్ళు కూడా నిండని పిల్లాడు, తనకన్నా పెద్ద వయసున్న విమానం ఎక్కుతాడు. మన సంతకం మీద నమ్మకంతోనే ఎక్కుతాడు.

ఇంకొకటి. ఎగరని విమానం కూడా ముసలిదవుతుంది. లోహానికి గంటల లెక్క, రబ్బరుకి ఏళ్ళ లెక్క. హోసులు, సీళ్ళు స్టోర్‌లో ఊరికే ఉన్నా వాటి గడువు అయిపోతుంది. వైర్ల మీది పూత పెళుసెక్కి రాలుతుంది. అందుకని "తక్కువ ఎగిరింది, ఇంకా కొత్తదే" అనే మాట మా దగ్గర చెల్లదు.

పుత్తూరు_ప్యాసింజర్
రన్‌వే అన్నా, మీరు చెప్పింది చదువుతుంటే మా షాపే కళ్ళముందు కనిపించింది. నేను తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేస్తాను. చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీ డిజైన్ పెట్టెకి మాకు కోడల్ లైఫ్ (వాడదగిన గడువు) 25 ఏళ్ళు. మెయిల్, ఎక్స్‌ప్రెస్ పెట్టె 18 నెలలకొకసారి పీఓహెచ్‌కి, అంటే పూర్తి ఓవర్‌హాల్‌కి, రావాలి. బోగీలు (పెట్టె కింది చక్రాల చట్రాలు) దించి, స్ప్రింగులు చూసి, తుప్పు పట్టిన చోట రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేసి పంపుతాం. పెట్టె పాతదైనా పీఓహెచ్ తేదీ దాటకపోతే భయం లేదు. తేదీ దాటిన పెట్టెని రైలుకి తగిలించనివ్వరు. విమానాలకీ ఇలా గడువు తీరగానే పక్కన పెట్టే పద్ధతి ఉంటుందా, లేక అవసరాన్ని బట్టి పొడిగిస్తారా?

రేణిగుంట_రన్‌వే
రెండూ ఉంటాయి. టోటల్ టెక్నికల్ లైఫ్ అని గంటల్లోనూ ఏళ్ళలోనూ రాసి ఉంటుంది. పరీక్షలు చేసి, స్టడీ చేసి పొడిగిస్తారు. పొడిగించడం తప్పేం కాదు, అన్ని దేశాలూ చేస్తాయి. తేడా ఎక్కడంటే, మీ షాపులో పెట్టె పోతే ఐసీఎఫ్ నుంచి కొత్తది వస్తుంది. మాకు కొత్తది వచ్చేదాకా పాతదాన్ని పొడిగించారు. ఆ "వచ్చేదాకా" 20 ఏళ్ళయింది.

పలమనేరు_పచ్చడి
అమెరికావాళ్ళ బీ-52 బాంబర్ సంగతేంది మరి? కడాకరిది 1962లో తయారైంది. కొత్త ఇంజన్లు పెట్టి 2050ల దాకా ఎగరేస్తామంటా ఉండారు. వాళ్ళది ముసలిదైతే గొప్ప, మనది ముసలిదైతే డొక్కు. ఇదేం న్యాయం?

రేణిగుంట_రన్‌వే
మంచి ప్రశ్నే. బీ-52 బస్సులాగా నిలకడగా పోయే విమానం. ఫైటర్ అలా కాదు, మలుపు తిరిగిన ప్రతిసారీ రెక్కల మొదట్లో బరువు ఆరేడు రెట్లు పడుతుంది. లోహం అలిసిపోయేది అక్కడే. పైగా బీ-52 వెనకాల సొంత ఫ్యాక్టరీలు, సొంత స్పేర్లు ఉన్నాయి. జాగ్వార్ సంగతి చూడు. ఫ్రాన్స్ రిటైర్ చేసిన జాగ్వార్ల ఫ్రేములు విడిభాగాల కోసం మనం తెచ్చుకున్నాం. దానికి కొత్త ఇంజన్ పెడదామని ఏళ్ళ తరబడి అనుకుని, ఖర్చు మరీ ఎక్కువని 2019లో వదిలేశారు. కొత్త రాడార్, కొత్త ఏవియానిక్స్ (ఎలక్ట్రానిక్ పరికరాలు) అయితే వచ్చాయి, ఇంజన్ మాత్రం పాతదే. 2025లో ఒక్క ఏడాదిలోనే మూడు జాగ్వార్లు కూలాయి.

మదనపల్లె_మబ్బు
కూలిన ప్రతి విమానాన్నీ వయసు ఖాతాలో రాసేయకండి. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర కూలిన హెలికాప్టర్ ఎంఐ-17వీ5. అది కొత్త తరం, 2012లో మన వైమానిక దళంలో చేరింది. జనరల్ బిపిన్ రావత్‌తో పాటు అందులో మా వైపు కురబలకోట మండలం ఎగువరేగడకి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నాడు. ఆ రోజు ఈ ప్రాంతంలో టీవీ ముందు కూర్చోని ఇల్లు లేదు. పార్లమెంట్ స్టాండింగ్ కమిటీకి ఇచ్చిన వివరాల్లో దానికి కారణం సిబ్బంది మానవ తప్పిదం అని ఉంది. వాతావరణం ఒక్కసారిగా మారి మేఘంలోకి పోయారు. 2025 నవంబర్‌లో దుబాయ్ ఎయిర్‌షోలో కూలింది మన దేశంలో తయారైన ఫైటర్ తేజస్, అదీ కొత్తదే.

చంద్రగిరి_కుర్రాడు
సరే అన్నా, కానీ మిగ్ విమానాల లెక్క చూస్తే? 2012లో అప్పటి రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంట్‌లో చెప్పిందే రాసుకున్నాను: మొత్తం 872 మిగ్‌లు కొంటే 482 ప్రమాదాలు, 171 మంది పైలట్లు పోయారు. ఇదంతా పైలట్ల తప్పిదమేనా?

రేణిగుంట_రన్‌వే
పైలట్ల తప్పిదం అన్నమాట వింటే నాకు మండుతుంది. కుర్రాళ్ళు కిరణ్ అనే నెమ్మది ట్రైనర్ మీద నేర్చుకుని నేరుగా మిగ్-21 ఎక్కేవాళ్ళు. మిగ్-21 గంటకి 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో నేలకి దిగుతుంది. మధ్యలో ఒక అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ ఉండాలని 1982లోనే కమిటీ చెప్పింది. హాక్ విమానానికి ఒప్పందం ఎప్పుడయింది? 2004లో. చేతికొచ్చి శిక్షణ మొదలయ్యేసరికి 2008. ఆ ఇరవై ఏళ్ళ చిల్లరలో పోయిన పిల్లల్ని ఏ లెక్కలో రాస్తావు? విమానం లెక్కలోనా, ఫైలు లెక్కలోనా?

దానికి తోడు 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. ఒక పార్టు ఒక దేశంలో, దాని బేరింగ్ ఇంకో దేశంలో.

చిత్తూరు_లెక్కలు
ఎమోషన్ పక్కన పెట్టి డబ్బు సంగతి మాట్లాడుకుందాం. 2018లో ఆర్మీ వైస్ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ స్టాండింగ్ కమిటీ ముందు చెప్పిన లెక్క: ఆర్మీ సామానులో 68 శాతం పాతకాలపుది, 24 శాతం ఇప్పటి తరానిది, 8 శాతం మాత్రమే అత్యాధునికం. మూడూ సుమారుగా మూడో వంతు చొప్పున ఉండాలన్నది లక్ష్యం. ఆ ఏడాది ఆధునికీకరణకి ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే కుదిరిన ఒప్పందాలకు కట్టాల్సిన వాయిదాలే 29,033 కోట్లు. అంటే కొత్తది ఒక్కటి కొనకముందే లోటు.

2025-26 బడ్జెట్‌లో రక్షణకి 6.81 లక్షల కోట్లు. అందులో కొనుగోళ్ళకి పోయే క్యాపిటల్ 1.80 లక్షల కోట్లు, పెన్షన్లు 1.60 లక్షల కోట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. సైనికుల్ని నాలుగేళ్ళకే తీసుకునే అగ్నిపథ్ ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

రేణిగుంట_రన్‌వే
లెక్కలు సార్, నేనూ ఆ పెన్షన్ తీసుకునేవాణ్ణే. తిట్టేటట్టయితే నేరుగా తిట్టండి.

చిత్తూరు_లెక్కలు
అయ్యో, తిట్టడం లేదు సార్. మీకిచ్చేది మీ హక్కు. ఆధునికీకరణకి ఎంత మిగులుతోందో చెబుతున్నానంతే.

నగరి_వాసంతి
మావారు ట్యాంకు రెజిమెంట్‌లో ఉన్నారు. లీవులో ఇంటికొచ్చినా కలలో ఇంజన్ గురించే మాట్లాడతారు కాబట్టి నాకూ కొంచెం తెలుసు. టీ-72కి మొదట్నుంచీ ఉన్నది 780 హార్స్‌పవర్ ఇంజన్. తర్వాత దానికి అదనపు కవచం పెట్టారు, కొత్త సామాను ఎక్కించారు, బరువు పెరిగింది. ఇంజన్ అదే. ఇసుకలోనో ఎత్తు మీదో ఎక్కేటప్పుడు ఊపిరి అందదు. 2025 మార్చిలో రష్యాతో 248 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకున్నారు, 1000 హార్స్‌పవర్ ఇంజన్లకి. కొన్ని తయారై వస్తాయి, మిగతావి విడిభాగాలుగా వస్తాయి, టెక్నాలజీ చెన్నై పక్కనున్న మన ఆవడి ట్యాంకుల ఫ్యాక్టరీకి ఇస్తారు. నగరి నుంచి ఆవడి ఎంత దూరమని? రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి పోయి రావచ్చు.

నేను చెప్పేదేంటంటే, కొత్త ట్యాంకు వచ్చేదాకా పాతదానికి ఊపిరి పోయడం తెలివైన పనే. నలభై ఏళ్ళ తర్వాత పోయడం మాత్రం కాదు.

మోడరేటర్
వాసంతి గారూ, మీవారి రెజిమెంట్ పేరుగానీ, ఇప్పుడున్న చోటుగానీ దయచేసి ఎక్కడా రాయకండి. మిగతావాళ్ళకీ అదే మాట. బయటికొచ్చిన నివేదికలు, పార్లమెంట్‌లో చెప్పినవి, సొంత పనిలోని మామూలు సంగతులు రాయండి. ఇప్పుడు ఎక్కడ ఎన్ని ఉన్నాయి అనేది ఇక్కడ వద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

పలమనేరు_పచ్చడి
అందులో ఒకటి నాదే. అది ఫార్వర్డే.

పుత్తూరు_ప్యాసింజర్
పాత సామాను పనికొచ్చిన కథ కూడా ఒకటి చెప్పుకోవాలి కదా. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు ఒక్క రాత్రిలో 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని ప్రభుత్వం చెప్పింది. వాటిని కూల్చినవాటిలో ఎల్-70 గన్ను ఉంది. స్వీడన్ డిజైన్, 1960ల్లో మనకొచ్చింది. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ బీఈఎల్ వాళ్ళు దానికి ఎలక్ట్రిక్ డ్రైవులు, థర్మల్ కెమెరా, ఆటోమేటిక్ ట్రాకింగ్ పెట్టారు. గొట్టం పాతది, కళ్ళు కొత్తవి. ఒక చిన్న డ్రోన్ మీదికి ఖరీదైన క్షిపణి వదలడం కన్నా 40 మిల్లీమీటర్ల గుండు చవక.

మదనపల్లె_మబ్బు
దీంతో ఒప్పుకుంటాను. ఆ గన్నుకి తగిన గుళ్ళుండాలనేది కూడా చేర్చండి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2017 నివేదిక చదివారా? 40 రోజుల తీవ్ర యుద్ధానికి సరిపడా నిల్వ ఉండాలన్నది నియమం. పరిశీలించిన మందుగుండు రకాల్లో 40 శాతం 10 రోజులకు కూడా చాలవని రాశారు. ఆ తర్వాత వైస్ చీఫ్‌లకి అత్యవసరంగా కొనే అధికారాలిచ్చారు, పరిస్థితి మారింది. కానీ అప్పట్లో టీవీల్లో గొడవంతా రఫేల్ ఫైటర్ల గురించే. గుండు గురించి డిబేట్ పెడితే ఎవరు చూస్తారు?

మందుగుండుకి కూడా గడువు ఉంటుంది. కొని పెట్టేస్తే అయిపోదు, వాడుతూ, మారుస్తూ ఉండాలి.

సూళ్ళూరుపేట_సిగ్నల్
ఒక్క మాట. వయసైపోయేవి ఆకాశంలో కూడా ఉన్నాయి. నౌకాదళానికి సమాచారం అందించే జీశాట్-7 ఉపగ్రహం 2013 ఆగస్టులో ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియన్ రాకెట్ మీద పోయింది. దాని స్థానంలోకి వచ్చిన సీఎంఎస్-03 బరువు సుమారు 4,400 కిలోలు. దాన్ని 2025 నవంబర్ 2న మా శ్రీహరికోట నుంచే ఎల్‌వీఎం-3 రాకెట్ తీసుకుపోయింది. మా మేడ మీద నుంచి చూశాం. పాతది పూర్తిగా చేతులెత్తేయకముందే కొత్తది పంపారు. ఫైటర్ల విషయంలో ఇలా ఎందుకు జరగలేదో నాకు అర్థం కాదు.

చిత్తూరు_లెక్కలు
ఎందుకంటే ఉపగ్రహం ఒకటి, ఫైటర్లు వంద. 2007లో 126 విమానాలకి టెండర్ పిలిచాం. ఏళ్ళ తరబడి పరీక్షలు, బేరాలు. 2015లో రద్దు. చివరికి 36 రఫేల్స్ వచ్చాయి. మిగతా 90 ఎక్కడున్నాయి? ఎక్కడా లేవు. 29 అనే అంకె అక్కడ పుట్టింది.

తేజస్ చూడండి. 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. 2021 ఫిబ్రవరిలో మెరుగుపరిచిన రకం 83 తేజస్ మార్క్-1ఏలకి ఒప్పందం. 2024 మార్చి నుంచి రావాలి. అమెరికా నుంచి ఇంజన్లు రావడమే 2025 మార్చిలో మొదలైంది. 2025 సెప్టెంబర్‌లో ఇంకో 97 ఆర్డర్ చేశారు, 62,370 కోట్లకి. ఆర్డర్లు ఎగరవు కదా.

పలమనేరు_పచ్చడి
బాడీ మనది, ఇంజన్ వాళ్ళది. వాళ్ళకి కోపమొస్తే మనం తోసుకుంటా పోవాల.

రేణిగుంట_రన్‌వే
నవ్వులాటకి అన్నా నిజం అదే పచ్చడీ. ఏఎన్-32 రవాణా విమానాల సంగతి చూడు. 2009లో యుక్రెయిన్‌తో అప్‌గ్రేడ్ ఒప్పందం చేసుకున్నాం. కొన్ని అక్కడికి పంపి చేయించాలి, మిగతావి కాన్పూర్‌లో మనవాళ్ళు చేసుకోవాలి. 2014లో రష్యా క్రిమియాని తీసుకున్నాక అక్కణ్ణుంచి రావాల్సిన కిట్లు ఆలస్యమయ్యాయి. నౌకాదళానిదీ అదే తంతు: ఐఎన్‌ఎస్ తుశీల్ ఓడని రష్యా కట్టింది, దాని గ్యాస్ టర్బైన్ ఇంజన్లు యుక్రెయిన్‌వి. ఆ రెండు దేశాలూ కొట్టుకుంటుంటే మధ్యలో నిలబడి ఓడ పూర్తి చేయించుకుని 2024 డిసెంబర్‌లో నౌకాదళంలో చేర్చుకున్నారు. దానికి మాత్రం మనవాళ్ళకి దండం పెట్టాలి.

డబ్బున్న దేశాలకీ ఈ జబ్బు ఉంది. 2014లో నాటో విన్యాసాల్లో జర్మన్ సైనికులు బండికి మెషిన్‌గన్ గొట్టం లేక చీపురు కర్రకి నల్ల రంగు వేసి తగిలించారు. జర్మనీ!

నగరి_వాసంతి
చీపురు కర్ర సంగతి మావారికి చెప్తే రెండు రోజులు నవ్వుతారు.

చంద్రగిరి_కుర్రాడు
రన్‌వే అన్నా, ఇంకొక్క ప్రశ్న. అగ్నివీర్‌లు నాలుగేళ్ళకే బయటికొస్తారు, 25 శాతం మంది మాత్రం ఉంటారు. పాత మెషిన్లు బాగుచేయడానికి అనుభవం కావాలంటున్నారు కదా. ఆ లెక్క ఎలా కుదురుతుంది?

చిత్తూరు_లెక్కలు
కుదురుతుంది. ఉండే 25 శాతంలోకి మంచి టెక్నీషియన్లనే తీసుకుంటారు. మిగతావాళ్ళు బయట పరిశ్రమల్లోకి వస్తారు. పెన్షన్ భారం తగ్గి ఆ డబ్బు స్పేర్లకి పోతే మీకే లాభం.

రేణిగుంట_రన్‌వే
స్పేర్లకే పోతుందని రాసిచ్చేవాళ్ళెవరు సార్?

ఒక ఉదాహరణ చెప్తా. హైడ్రాలిక్ లీకు ఎక్కడుందో కొత్త కుర్రాడు మాన్యువల్ ముందేసుకుని వరసగా వెతుకుతాడు. పదిహేనేళ్ళ సీనియర్ పైపు మీద వేలు పెట్టి, అదురు చూసి, "ఆ క్లాంప్ విప్పు" అంటాడు. క్లాంప్ కింద పైపు ఒరుసుకుపోయి ఉంటుంది. కొత్త విమానమైతే కంప్యూటరే తప్పు ఎక్కడో చూపిస్తుంది, అక్కడ నాలుగేళ్ళ పిల్లాడు చాలు. పాతదాని దగ్గర ఆ వేలు కావాలి. పాత సామాను ఉన్నన్నాళ్ళూ పాత మనుషులు కూడా ఉండాలి. రెండిట్లో ఒకదాన్ని ముందు తీసేస్తే ఇబ్బంది.

చిత్తూరు_లెక్కలు
ఈ వాదన ఇంతవరకు ఎవరూ నాకు ఇలా చెప్పలేదు. అయినా నేను పూర్తిగా ఒప్పుకోను. టెక్నికల్ ట్రేడులకి ఉంచుకునే శాతం పెంచితే సరిపోతుంది, పథకమే తప్పనక్కర్లేదు.

రేణిగుంట_రన్‌వే
పెంచమనండి, నేనూ చప్పట్లు కొడతా.

మదనపల్లె_మబ్బు
చంద్రగిరి తమ్ముడూ, నీ నోట్స్‌లో "ఎన్ని ఉన్నాయి" అనే గడి పక్కన "ఎన్ని ఎగురుతాయి", "ఎన్ని రోజులకి గుళ్ళున్నాయి", "స్పేరు ఎవరి చేతిలో ఉంది" అని ఇంకో మూడు గడులు గీసుకో. కాగ్, స్టాండింగ్ కమిటీ నివేదికలు రెండూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. యూట్యూబ్ వీడియోల కన్నా బోర్‌గా ఉంటాయి, చదువు.

చంద్రగిరి_కుర్రాడు
గీసుకున్నా అన్నా. జాగ్వార్ దగ్గర మూడో గడిలో ఏం రాయాలి?

రేణిగుంట_రన్‌వే
"వేరే దేశాలు రిటైర్ చేసిన జాగ్వార్లలో" అని రాసుకో.